అక్కా చెల్లెళ్ళ పాట



మన పిల్లలు బడిలో పాడే దేశభక్తి గీతాల్లో ‘జయజయజయ ప్రియభారత’ ఒకటి. అది రాసిందెవరని అడిగితే దేవులపల్లి కృష్ణశాస్త్రిగారని మీలో చాలామంది ఠక్కున చెప్పేస్తారు. సరే, దానికి వరస కట్టిందెవరు? ఈ ప్రశ్నకి మాత్రం చాలా ఇళ్ళల్లో జవాబు రాదు. ఆ వరస ఆయన మేనకోడలు వింజమూరి అనసూయాదేవిది. ఆవిడా, చెల్లెలు సీతాదేవీ కలిసి ‘సీత - అనసూయ’ అనే జంట పేరుతో పాడుతూ ఉంటే ఒకప్పుడు తెలుగుదేశం చెవులప్పగించి వినేది. పాట మిగిలింది, కవి పేరు మిగిలింది. వరస కట్టిన చేతినీ పాడిన గొంతునీ మాత్రం మనం మెల్లిగా మరిచిపోతున్నాం. ఇవాళ ఆ అక్కాచెల్లెళ్ళ కథ చెప్పుకుందాం.

ఇది ఎక్కడో పరాయి చోట జరిగిన కథ కాదు. వాళ్ళది కాకినాడ. రామచంద్రపురంలో బస్సెక్కితే గంటలో దిగిపోయే ఊరు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు పడింది, మన రామచంద్రపురం మీదుగానే. తర్వాత యుద్ధం రోజుల్లో, 1940లో, ఆ పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ 2004లో గాని రైలు రాలేదు. ఆ మొదటి రైలు నడిచిన పన్నెండేళ్ళే మన కథకి తొలి భాగం. అనసూయ పాడిన మొదటి గ్రామఫోను రికార్డు వచ్చేనాటికి ఆమెకి ఎనిమిదేళ్ళు. ఆమె పుట్టింది 1920 మే 12న. లెక్క వేసుకోండి. రైలూ, రికార్డూ ఇంచుమించు ఒకేసారి వచ్చాయన్నమాట.

ఎనిమిదేళ్ళ పిల్ల పాడిన పాట రికార్డు కావడమంటే ఆ రోజుల్లో మాటలా? దానికి వెనక ఒక ఇల్లు ఉండాలి. తండ్రి వింజమూరి వెంకట లక్ష్మీనరసింహారావుగారు పండితులు, నాటక రచయిత. తల్లి వెంకటరత్నమ్మగారు ఆడవాళ్ళ కోసం ఒక పత్రిక నడిపారు. ఆ పత్రిక పేరు ‘అనసూయ’. పత్రిక పేరూ అనసూయే, కూతురి పేరూ అనసూయే! ఆడది పేపరు చదివితేనే వింతగా చూసే కాలంలో పేపరు నడిపిన తల్లి ఆవిడ. అలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్లలు నోరు విప్పి పాడారంటే ఆశ్చర్యమేముంది? ఇక మేనమామ కృష్ణశాస్త్రిగారు. 1897లో పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టి, కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీలో చదివి, 1925లో ‘కృష్ణపక్షం’ అచ్చువేసి తెలుగు కవిత్వాన్ని ఒక్క కుదుపు కుదిపిన మనిషి.

ఊరు కూడా అలాంటిదే. 1923 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ కాకినాడలో జరిగింది. ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసిన కథ మీకు తెలుసు. ఆ సభలోనే జరిగిన ఇంకో సంగతి అంతగా తెలియదు. విష్ణు దిగంబర పలుస్కర్‌గారు వందేమాతరం ఎత్తుకున్నారు. సభలో పాట వద్దని అధ్యక్షులు మౌలానా మహమ్మదాలీగారు అభ్యంతరం చెప్పారు. పలుస్కర్‌గారు ఆపలేదు, చివరికంటా పాడే కూర్చున్నారు. పాట పాడవచ్చా, ఎక్కడ పాడవచ్చు, ఎవరు పాడవచ్చు అనేవి ఆ రోజుల్లో చిన్న ప్రశ్నలు కావు.

ఆడవాళ్ళ విషయంలో అవి మరీ పెద్ద ప్రశ్నలు. మనలో మనమాట, అప్పట్లో ‘మర్యాదస్తుల’ ఇళ్ళల్లో పిల్లకి పాట నేర్పించేది దేనికి? పెళ్ళిచూపుల్లో నాలుగు కీర్తనలు పాడడానికి. ఆ మూడుముళ్ళూ పడ్డాక వీణ అటక ఎక్కేది, పాట పూజగదిలోకి వెళ్ళేది. నలుగురి ముందు పాడడం కళావంతుల ఆడవాళ్ళ పని అని లోకం గీత గీసేసింది. మన ద్రాక్షారామం, మండపేట, మురమండ ప్రాంతాల్లో ఆ కుటుంబాలవారే సంగీతాన్నీ నాట్యాన్నీ తరాలపాటు కాపాడారు. వాళ్ళు లేకపోతే పదాలూ జావళీలూ మనదాకా వచ్చేవే కావు. అయినా లోకం వాళ్ళ పాట విని, వాళ్ళనే చిన్నచూపు చూసింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ పద్ధతిని చట్టంతో మాన్పించింది. పద్ధతి పోవడం మంచిదే. కాని దానితోపాటు ఆ స్త్రీల చేతిలోని వేదిక కూడా పోయింది. ఒకరికి వేదిక చేజారుతున్న కాలంలోనే ఇంకొకరికి అందింది. సీత, అనసూయల పేరు తలుచుకునేటప్పుడు ఈ రెండో సంగతి కూడా మనసులో పెట్టుకోవడం న్యాయం.

అందుకని ఆ ఇద్దరు ఆడపిల్లలు వేదిక ఎక్కి కూర్చుని పాడడం అంటే పాట ఒక్కటే కాదు. ఇంటి పరువూ, రేపటి పెళ్ళి సంబంధాలూ, చుట్టాల మూతివిరుపులూ అన్నీ పణంగా పెట్టడమే. ఇప్పుడు పాటల పోటీలకి మన పిల్లల్ని మనమే ముస్తాబు చేసి తీసుకెళ్తున్నాం. ఆ దారి ఎవరో ఒకరు మొదట నడిస్తేనే పడింది.

ఇంకో విషయం చెప్పాలి. ఈ మెత్తని పాట, మనం లలిత సంగీతం అంటామే, అది పుట్టడానికి కవులూ గాయకులూ ఎంత కారణమో ఒక చిన్న యంత్రం కూడా అంతే కారణం. అదే మైకు. నాటకాల రోజుల్లో పద్యం ఎత్తుకుంటే ఆఖరి వరసలో నేలమీద కూర్చున్నవాడికి కూడా వినిపించాలి. కంఠం ఖంగుమనాలి. సన్నగా, గుసగుసగా పాడితే ముందు వరస దాటదు. గ్రామఫోను మొదట్లో కూడా అంతే. పెద్ద బాకా ముందు నిలబడి గట్టిగా పాడితేనే మైనం మీద గీత పడేది. 1925 తర్వాత కరెంటు మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చింది. దాంతో మెల్లిగా పాడినా, ఊపిరి తీసుకున్నా వినిపించడం మొదలైంది. అమెరికాలో బింగ్ క్రాస్బీ అనే ఆయన చెవిలో చెప్పినట్టు పాడి పేరు తెచ్చుకున్నాడు. కలకత్తాలో సైగల్, పంకజ్ మల్లిక్ అదే దారి పట్టారు. తల్లి బిడ్డని జోకొట్టే గొంతుతో, చెలికత్తెతో మనసు చెప్పుకునే గొంతుతో పాడినా అది పాటే అనిపించుకునే రోజు వచ్చింది. ఆలోచించి చూడండి, అది ఆడవాళ్ళు ఇంట్లో పాడుకునే గొంతు. అంటే మన గొంతుకి వేదిక దొరికింది.

గ్రామఫోను ఒక మేలు చేసింది, ఒక కీడూ చేసింది. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే ఆ నల్లటి ప్లేటు మీద ఒక పక్కకి మూడు నిమిషాలు, మహా అయితే కాస్త ఎక్కువ, పాట పట్టేది. ఇరవై చరణాల పాటైనా సరే, మూడు చరణాలకి కుదించాల్సిందే. అలా బిగువుగా, క్లుప్తంగా పాట అల్లడం మనవాళ్ళకి అలవాటైంది. అది మేలు. అయితే మన అమ్మమ్మలు దంపుడు దగ్గర గంటసేపు పాడిన పాట మూడు నిమిషాలకి తెగిపోయింది. అది నష్టం.

సీత, అనసూయ పాడినవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి భావగీతాలు. ప్రేమ, విరహం, వెన్నెల, పూలు, ఏకాంతం, ఇవీ అప్పటి కొత్త కవులు పట్టుకున్న సంగతులు. నండూరి సుబ్బారావుగారి ‘ఎంకి పాటలు’ 1925లో పుస్తకంగా వచ్చాయి. బసవరాజు అప్పారావుగారు కన్నుమూసింది 1933లో, ఆయన పాటలు మాత్రం ఊరూరా తిరిగాయి. 1938లో వచ్చిన ‘మాలపిల్ల’ సినిమాలోకి కూడా వెళ్ళాయి. కృష్ణశాస్త్రిగారు ఊరూరూ తిరిగి ఈ కొత్త కవిత్వాన్ని సభల్లో చదివి వినిపించేవారు. అయితే పుస్తకంలో ఉన్న కవిత్వం చదువుకున్నవాళ్ళ సొత్తు. దానికి వరస కడితే, చదువు రాని ఇల్లాలికి కూడా సొంతమవుతుంది. అక్కాచెల్లెళ్ళు చేసిన మొదటి మేలు అది. మేనమామ మాటని పుస్తకంలోంచి తీసి మన వంటింట్లోకి తెచ్చారు.

వరస కట్టడమంటే ఏమిటో ఒక్కమాట చెబుతాను. కర్ణాటక కీర్తనలో రాగం ముందు, మాట దాని వెనక. ఎంత పెద్ద విద్వాంసుడైతే అంత రాగవిస్తారం. భావగీతానికి అలా కుదరదు. మాటలో ఉన్న బరువెంతో చూసుకుని అంతే స్వరం వెయ్యాలి. ‘కన్నీరు’ అన్న మాట మీద గమకాలు గుప్పిస్తే కన్నీరు ఇంకిపోతుంది. కూరలో ఉప్పులాంటిదే సంగతి కూడా. ఎక్కడ ఆపాలో తెలియాలి. శాస్త్రం నేర్చుకోకుండా ఆ నిగ్రహం రాదు, శాస్త్రం మీద మరీ మోజున్నా రాదు.

జంటగా పాడడంలో కూడా ఒక కిటుకుంది. పడమటి దేశాల్లో అక్కాచెల్లెళ్ళు కలిసి పాడితే ఒక్కొక్కరు ఒక్కొక్క స్వరం పట్టుకుని మూడు రంగులు కలిపినట్టు పాడతారు. యుద్ధం రోజుల్లో అమెరికాలో ఆండ్రూస్ సిస్టర్స్ అనే ముగ్గురు తోబుట్టువులు అలా పాడే సిపాయిలని ఉర్రూతలూగించారు. మన పద్ధతి అది కాదు. ఇద్దరూ ఒకే స్వరం మీద నడవాలి. ఒకరు ఎత్తుకున్న పల్లవిని రెండో వారు అందుకోవాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాట ఎక్కడ విరవాలో ఇద్దరికీ ఒకటే తెలియాలి. రెండు గొంతులు వినిపిస్తూనే పాట ఒకటే కావాలి. ఒకే ఇంట్లో, ఒకే తల్లి దగ్గర మాటలు నేర్చుకున్న అక్కాచెల్లెళ్ళకి అది పుట్టుకతో వచ్చే సుళువు. అందుకే ‘వింజమూరి సిస్టర్స్’ అన్న పేరు అంత త్వరగా జనం నోట పడింది.

రెండో రకం పాటలు జానపదాలు. నన్నడిగితే వాళ్ళు చేసిన అసలైన సాహసం ఇక్కడుంది. అప్పటికి సంగీత సభ అంటే కీర్తన, వర్ణం. ఊడ్పుల పాట, ఏతం పాట, పడవవాళ్ళ ఏలపాట, ఇవన్నీ చేలోనూ గట్టుమీదా ఉండాల్సినవి. సభలో పాడితే నవ్విపోతారు. మన ఇళ్ళల్లోని ఆడవాళ్ళ పాటల సంగతీ అంతే. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, అట్లతద్ది ఉయ్యాల పాటలు, గొబ్బి పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు, వీటిని పాటలుగా ఎవరు లెక్కపెట్టారు? ‘ఆడాళ్ళ పాటలు’ అని పక్కకి నెట్టేశారు. అలాంటి పాటల్ని ఈ అక్కాచెల్లెళ్ళు తలెత్తుకుని సభల్లో పాడారు. రికార్డులిచ్చారు. పల్లె పాటని పెద్ద వేదిక మీద నిలబెట్టిన తొలి గాయనులుగా వాళ్ళ పేరు నిలిచింది.

జానపద గేయాల్ని కూర్చినవాళ్ళు వాళ్ళకి ముందూ ఉన్నారు, వాళ్ళతోపాటూ ఉన్నారు. నందిరాజు చలపతిరావుగారు స్త్రీల పాటల్ని అచ్చువేశారు. రాజమండ్రి దగ్గరి నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి పాటలు సేకరించి ‘మిన్నేరు’ వంటి సంపుటాలు వేశారు. బిరుదురాజు రామరాజుగారు ఆ పాటల మీద పెద్ద పరిశోధన చేసి 1950లలో పుస్తకం తెచ్చారు. వాళ్ళందరికీ మనం రుణపడి ఉన్నాం. కాని ఒక చిక్కుంది. పుస్తకంలో మాటలుంటాయి, వరస ఉండదు. అప్పగింతల పాట మాటలు కాగితం మీద చూస్తే నాలుగు పంక్తులు. అదే పాట పెళ్ళిపందిట్లో పెద్దముత్తయిదువ ఎత్తుకుంటే మగాళ్ళు కూడా కండువాతో కళ్ళు తుడుచుకుంటారు. ఆ తేడా అంతా వరసలో ఉంది. అనసూయాదేవి దీన్ని పట్టుకున్నారు. జానపద గేయాల్నీ భావగీతాల్నీ స్వరాలతో సహా పుస్తకాలుగా వేశారు. పాడినవారు లేకపోయినా, సరిగమలు తెలిసిన ఏ పిల్లైనా ఆ పుస్తకం ముందు పెట్టుకుని పాట తిరిగి బతికించవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవిడకి కళాప్రపూర్ణ బిరుదునిచ్చి గౌరవించింది.

అదే కాలంలో ఇంకో జంట కూడా ఉంది. దాన్ని వదిలేస్తే ఈ కథ సగమే చెప్పినట్టు. సాలూరి రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు. ఆయన 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ సినిమాలో కృష్ణుడుగా వచ్చిన కుర్రాడు. కలకత్తా వెళ్ళి సైగల్, పంకజ్ మల్లిక్ పాటల మెత్తదనం ఒంటబట్టించుకుని వచ్చారు. ఆవిడ 1936లో మన కాకినాడ వాస్తవ్యులు సి. పుల్లయ్యగారు తీసిన ‘సతీ అనసూయ’లో పాడిన పసిపిల్ల. వీళ్ళిద్దరూ కలిసి ఇచ్చిన ప్రేమగీతాల రికార్డులు మన పెద్దవాళ్ళ పెట్టెల్లో ఇంకా ఉండే ఉంటాయి. 1943లో ‘భాగ్యలక్ష్మి’ సినిమాకి బాలసరస్వతీదేవి తెర వెనకనుంచి పాడారు. తెలుగులో తొలి నేపథ్యగాయని అని ఆవిడకి పేరు. 1944లో ఆవిడ పెళ్ళాడింది ఎవరినో తెలుసునా? మన రామచంద్రపురానికి దగ్గర్లోనే ఉన్న కోలంక జమీందారుగారిని. పెళ్ళయ్యాక కూడా 1953లో ‘దేవదాసు’ లాంటి సినిమాల్లో పాడారు గాని, పోనుపోను సినిమా పాట తగ్గిపోయింది. అంత గొంతు ఉన్న మనిషి దశాబ్దాలపాటు అంత తక్కువగా వినిపించిందంటే బాధ కలుగుతుంది. ఆవిడ 2025 అక్టోబరులో, తొంభై ఏడేళ్ళ వయసులో కన్నుమూశారు. జమీ ఇంట్లో అయినా మామూలు ఇంట్లో అయినా పెళ్ళి తర్వాత ఆడదాని పాట ఏమవుతుందన్న ప్రశ్న ఒక్కటే.

సీత, అనసూయల పాటకి స్వాతంత్ర్య ఉద్యమం కూడా తోడైంది. సభలో ఉపన్యాసానికి ముందు పాట ఉండాలి, అది జనాన్ని కూర్చోబెట్టాలి. గాంధీజీ, నేతాజీ వంటి నాయకుల ఎదుట అనసూయాదేవి పాడారు. రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి తన పెదనాన్న ప్రకాశం పంతులుగారి సభల్లో పాడేవారు. ‘మా తెలుగు తల్లికి’ ఆవిడ గొంతులోనే ఇంటింటికీ చేరింది. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి మద్రాసు రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావుగారు రాసి స్వరపరిచిన పాట పాడింది కూడా సూర్యకుమారే. చూశారా, దేశం కోసం అనేసరికి ఆడపిల్ల నలుగురిలో పాడడం తప్పు కాకుండా పోయింది! గాంధీగారి పేరు చెప్పి గడప దాటిన పాట మళ్ళీ గడప లోపలికి వెళ్ళలేదు.

ఇక రేడియో. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అప్పటినుంచి పదేళ్ళపాటు మన గోదావరి జిల్లాల వాళ్ళు తెలుగు పాట వినాలంటే మద్రాసు వైపే చెవి పెట్టాలి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950లో హైదరాబాదు డెక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. పాటగత్తె ఎవరో, ఏ కులమో, ఏ చీర కట్టుకుందో కనిపించని చోటు రేడియో. గొంతు ఒక్కటే ఇంట్లోకి వస్తుంది. అందుకే సభకి పంపడానికి ఒప్పుకోని తండ్రులు కూడా రేడియో స్టేషనుకి పంపడానికి ఒప్పుకున్నారు. మగవాళ్ళు ఆఫీసులకి వెళ్ళాక, పని చేసుకుంటూనే వినగలిగిన సంగీతం మనకి అదొక్కటే కదా!

1952లో కేంద్రమంత్రిగా వచ్చిన కేస్కర్‌గారికి సినిమా పాటలంటే గిట్టలేదు. ఆకాశవాణిలో వాటిని బాగా తగ్గించేసి, వాటికి బదులు లలిత సంగీతం తయారు చెయ్యమన్నారు. జనం ఊరుకుంటారా? రేడియో సిలోన్ తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టి సినిమా పాటల్ని ఇంటికి పిలవక తప్పలేదు. ఆ పంతం నెగ్గలేదు గాని, దానివల్ల మనకొక లాభం కలిగింది. ప్రతి కేంద్రంలోనూ కవులు, స్వరకర్తలు, వాద్యగాళ్ళు చేరి సినిమాతో పనిలేని పాటలు వందలకొద్దీ చేశారు. రాజోలు తాలూకా శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారు, నిడదవోలులో పుట్టిన రజనీకాంతరావుగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు, వీళ్ళంతా ఆ పంటే. పాలగుమ్మి విశ్వనాథంగారు రాసి స్వరపరచగా వేదవతీ ప్రభాకర్‌గారు పాడిన ‘అమ్మదొంగా’ విని కూతుర్ని అత్తారింటికి పంపిన తల్లి ఎవరైనా కన్నీరు పెట్టకుండా ఉన్నారా?

ఇదిలా ఉండగా ఆ భావగీతం వెళ్ళి సినిమాలోనే కలిసింది. 1951లో బి.ఎన్. రెడ్డిగారు ‘మల్లీశ్వరి’ తీశారు. పాటలు కృష్ణశాస్త్రిగారు, సంగీతం సాలూరివారు. అంటే అక్కాచెల్లెళ్ళ మేనమామా, రెండో జంటలోని గాయకుడూ ఒకచోట కలిశారు. ఆ పాటలు ఇవాళ్టికీ వాడలేదు. కాని సినిమా పాట ఎంత గొప్పదైనా దానిలో ఒక లోటుంది. వినేవాళ్ళకి తెరమీది మొహం గుర్తుంటుంది. సీత, అనసూయల పాటకి తెర లేదు, కథ లేదు. పాటే కథ.

తర్వాత జంట విడివిడి దారులు పట్టింది. తగాదా వల్ల కాదు. పెళ్ళిళ్ళు, కాపురాలు, ఉద్యోగాలు. మనకి తెలియనిదేముంది? అనసూయాదేవి అవసరాలవారి ఇంటి కోడలై మద్రాసులో ఉంటూ పాటలు పాడడం, స్వరాలు రాసి పుస్తకాలు వెయ్యడం సాగించారు. సీతాదేవి హైదరాబాదు ఆకాశవాణి కేంద్రంలో జానపద సంగీతానికి ప్రొడ్యూసరుగా పనిచేశారు. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లకి తెలంగాణ పల్లెల పాట కూడా సొంతమైంది. 1980లో విడుదలైన ‘మాభూమి’ సినిమా గుర్తుందా? గౌతమ్ ఘోష్ తీసిన తెలంగాణ రైతాంగ పోరాటం కథ. అందులో పల్లెపాటల్ని పల్లెపాటల్లాగే, సినిమా రంగు పులమకుండా వినిపించారు. ఆ చిత్రానికి సంగీతం కూర్చిన ఇద్దరిలో ఒకరు నాగేశ్వరరావుగారు, ఒకరు మన వింజమూరి సీత. విప్లవ గీతం వినగానే గద్దర్ పేరు అందరికీ గుర్తొస్తుంది, రావలసిందే. కాని సంగీతం పక్కన ఉన్న ఆడపేరు ఎంతమంది చూశారు?

కృష్ణశాస్త్రిగారి చివరి రోజుల సంగతి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఊరూరా తిరిగి కవిత్వం వినిపించిన ఆ కంఠం జబ్బుచేసి 1960లలో మూగబోయింది. ఆ తర్వాత ఆయన కాగితం మీద రాసి చూపించేవారు. 1980 ఫిబ్రవరి 24న పోయారు. మాట పోయిన కవికి గొంతుగా నిలిచింది ఆయన పాటలు పాడినవాళ్ళే. వాళ్ళలో మొదటివాళ్ళు ఆ ఇంటి ఆడపిల్లలు. మేనమామ మేనకోడలికి చీర పెట్టడం మన ఆచారం. ఇక్కడ మేనకోడళ్ళే మేనమామకి గొంతు పెట్టారు.

ముసలితనంలో అక్కాచెల్లెళ్ళిద్దరూ పిల్లల దగ్గరికి అమెరికా చేరారు. అనసూయాదేవి హ్యూస్టన్‌లో ఉండేవారు. తొంభై దాటాక కూడా పాటలు చెబుతూ, ‘అసమాన అనసూయ’ అని తన జీవితకథ తానే రాసుకున్నారు. పేరు చూసి కొందరు గొప్పలనుకోవచ్చు. నేను అలా అనుకోను. తన పని గురించి పదిమందీ చెప్పకపోతే ఆడది తానే చెప్పుకోవాలి, తప్పేముంది? సీతాదేవి 2016లో, అనసూయాదేవి 2019 మార్చిలో కన్నుమూశారు. మరో ఏడు వారాలు ఉంటే ఆవిడకి తొంభై తొమ్మిది నిండేవి.

ఇదంతా విని ‘అయ్యో పాపం, మరిచిపోయాం’ అని ఊరుకుంటే ఏం లాభం? వాళ్ళు చేసిన పని మనం కూడా కొంచెం చెయ్యవచ్చు. పెద్ద విద్వాంసురాలు కానక్కర్లేదు. మీ ఇంట్లో ఒక అత్తగారో, అమ్మమ్మో, పనికి వచ్చే ఒక ముసలమ్మో ఉంటుంది. ఊడ్పుల్లో పాడిన పాటలు ఆవిడ నోట ఇంకా ఉన్నాయి. ఇప్పుడు నాట్లకి వేరే ఊళ్ళనుంచి ముఠాలు వస్తున్నాయి, యంత్రాలు వస్తున్నాయి. దంపుడు పోయింది, తిరగలి పోయింది, వాటితోపాటు వాటి పాటలూ పోతున్నాయి. అనసూయాదేవికి స్వరాలు రాసే విద్య ఉంది. మనకి అది లేకపోయినా చేతిలో ఫోనుంది. మధ్యాహ్నం పనులయ్యాక ఆవిడ పక్కన కూర్చోండి. ‘ఒక్కసారి పాడండి అత్తయ్యా’ అనండి. మొదట సిగ్గుపడతారు, గొంతు బాగాలేదంటారు, మాటలు మరిచిపోయానంటారు. వదలకండి. ఒక చరణం వచ్చాక రెండోది దానంతటదే వస్తుంది.

పాట రికార్డు చేశాక ఇంకో పని కూడా చెయ్యండి. పాడిన మనిషి పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పించి పెట్టండి. అది మాత్రం మరవకండి. పాటకి మూడు పేర్లుంటాయి: మాట కట్టినవారిది, వరస కట్టినవారిది, పాడినవారిది. మనం మొదటి పేరు ఒక్కటే గుర్తుపెట్టుకోవడానికి అలవాటుపడ్డాం. మిగతా రెండూ తరచు ఆడపేర్లే.

రేపు మీ పిల్ల బడినుంచి వచ్చి ‘జయజయజయ ప్రియభారత’ పాడితే, రాసినది కృష్ణశాస్త్రిగారని చెప్పండి. ఆ వెంటనే, ‘వరస మన కాకినాడ అనసూయాదేవిగారిదమ్మా’ అని కూడా చెప్పండి.

సెలవు.